పాలతో వద్దు

జూన్ 3

జిల్లా సాంస్కృతిక శాఖ వాళ్ళు "పద్యాలు రాసుకోండి, దౌలెత్‌ఖాన్ ఆగా" అని ఈ పుస్తకం ఇచ్చారు. వయసొచ్చాక అందరూ ఆగా అనేవాళ్ళే. అట్ట మీద గద్ద బొమ్మ. పద్యాలకి నాకు పుస్తకం ఎందుకు? రొట్టె చుట్టిన కాగితం చాలు. నాకు చోటు చాలనిది తిట్లకే. అందుకని ఇందులో తిట్లు రాసుకుంటాను.

మొదటి తిట్టు చర్మం డాక్టరుకి. ఇవాళ మా అమ్మాయి తొర్గిన్‌ని తీసుకుని తాల్దికొర్గాన్ పట్నం వెళ్ళాను. బస్సులో రెండున్నర గంటలు, గుమ్మం ముందు గంటన్నర, లోపల ఆరు నిమిషాలు. డాక్టరమ్మ మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దదేమో. మొహం మీద ఒక్క మచ్చ లేదు. పళ్ళ డాక్టరుకి పళ్ళు బాగుంటే నేను నమ్మను, ఇదీ అంతే.

"డాక్సీసైక్లిన్. రోజుకొకటి, మూడు నెలలు. దాంతో పాటు పడుకునే ముందు ఈ పూత" అంది.

"మూడు నెలలా? మా నాన్నకి నిమోనియా వస్తే యాంటీబయాటిక్ పది రోజులు ఇచ్చారమ్మా. పైగా ఆయన బతికాడు."

"ఇది నిదానంగా పనిచేస్తుంది, ఆగా. ముందు వాపు తగ్గాలి."

"మొటిమ మొహం మీద ఉంటే మందు పొట్టలోకి ఎందుకు?"

"లోపలి నుంచి వచ్చేదానికి లోపలి నుంచే ఇవ్వాలి. ఎండలో టోపీ లేకుండా తిరగొద్దు. మిగతావన్నీ కాగితం మీద రాశాను, చదువుకోండి" అని తర్వాతి వాళ్ళని పిలిచింది. ఆ రాత కోడి గెలికినట్టుంది. చదవడం కూడా మా పనే.

తొర్గిన్ అంటే పట్టు. పేరు పెట్టింది నేనే, పుట్టినప్పుడు అలాగే ఉండేది. ఇప్పుడు దానికి ఇరవై రెండు. రెండేళ్ళుగా బుగ్గల మీదా గడ్డం కిందా గట్టి ఎర్ర మొటిమలు. ఒకటి చీము పట్టి, చితికి, గుంట వదిలిపోతే పక్కన ఇంకోటి తయారు. పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుంటుంది కదా, వచ్చిన ప్రతివాడూ స్టాంపుతో పాటు ఓ చిట్కా చెప్పిపోతాడు. గొర్రె తోక కొవ్వు రాయమని ఒకడు, తారు సబ్బు అని ఒకత్తె. వాళ్ళ మొహాలు చూస్తే ఆ చిట్కాలు ఎంత గొప్పవో తెలుస్తుంది.

సెప్టెంబరు పదహారున దాని పెళ్ళి. అందుకే ఈ మందు, ఈ బస్సు, ఈ హడావిడి. నాకైతే ఏమీ లేదు. మొటిమ మొటిమే.

జూన్ 5

తొర్గిన్ పొద్దున్నే మాత్ర నోట్లో వేసుకుని పెద్ద గ్లాసుడు మంచినీళ్ళు గటగటా తాగింది. ఎదురుగా సమోవార్‌లో టీ నీళ్ళు పొగలు కక్కుతున్నాయి, నేను టీ పోసి, చిక్కటి పాలు పోసి, మీగడ వేసి పెట్టాను.

"కుళాయి దగ్గర గుర్రంలా ఆ నీళ్ళేమిటే? ఇంట్లో టీ కరువొచ్చిందా?" అన్నాను.

"నీళ్ళతో వేసుకోమన్నట్టు గుర్తు, నాన్నా. కాగితం కనబడటం లేదు."

"పాలు పోయని టీ, వట్టి నీళ్ళు, వెళ్ళిపొమ్మని చెప్పలేక పెడతారు చుట్టాలకి. నా ఇంట్లో నా కూతురు నీళ్ళు తాగి పనికి పోతుందా?"

దాని తల్లి కుల్పాష్ మూతి తిప్పింది. తొర్గిన్ నవ్వి టీ తాగింది.

జూన్ 9

టీతోనే వేసుకుంటోంది. పిల్లకి చెప్తే అర్థమవుతుంది.

జూన్ 18

పెళ్ళిలో పాడి వచ్చాను. ఎన్నో పెళ్ళి ఇది? నాలుగు వందలు ఎప్పుడో దాటాయి. ఈ జిల్లాలో బెతాషార్ అంటే నేనే. కొత్త కోడల్ని ముసుగుతో తెచ్చి నిలబెడతారు, నేను దోంబ్రా మీటుతూ అత్తవారి చుట్టాల్ని ఒక్కొక్కణ్ణీ పాటలో పిలుస్తాను, పిల్ల వంగి దండం పెడుతుంది, వాళ్ళు పళ్ళెంలో కానుక వేస్తారు. చివర్న దోంబ్రా మెడతో ముసుగు పైకెత్తుతాను. నేను ఎత్తేదాకా ఆ మొహం లేనట్టే లెక్క.

ఈ కాలపు పెళ్ళికూతుళ్ళ మొహాలు చూస్తే నవ్వొస్తుంది. ముసుగు తీస్తే కింద ఇంకో ముసుగు, వేలెడు మందాన పౌడరు. ఈవాళ్టిదానికి చెమటకి సగం కారింది. గడ్డం మీద ఓ పొక్కు బయటపడింది. అంతే, వెనక నుంచి ఎవడో అరిచాడు, "దౌకె! గొర్రెల పాట!"

దౌకె అని ముద్దుగా పిలుస్తారు నన్ను. అందరూ అందుకున్నారు. నా పేరు నిలబెట్టిన పాట అది. ఇరవై ఆరేళ్ళ వయసులో, అప్పటికప్పుడు, నిలబడ్డ చోట కట్టాను:

ముసుగు తీయగా ముందు కనబడే వాన వెలిసిన నేలండీ,
మంద నడిచిన గిట్టల గుర్తులు ఒకటీ రెండూ కాదండీ!
గొర్రెల లెక్క తప్పిందంటే అత్తా, దిగులే వద్దండీ,
కోడలి మొహమే ముందర పెట్టుకు గిట్టలు లెక్కించండీ!

ముప్పై రెండేళ్ళయింది. ఇప్పటికీ ముసలాళ్ళు నవ్వి నవ్వి పళ్ళు ఊడబెట్టుకుంటారు. పాడాను. పడి పడి నవ్వారు.

నాతో వచ్చిన తొర్గిన్, కుల్పాష్ భోజనాలకి ముందే వెళ్ళిపోయారు. గుడారంలో ఉక్క ఎక్కువగా ఉంది.

జూన్ 19

టీ దగ్గర తొర్గిన్ అడిగింది.

"నాన్నా, ఆ పాట కట్టింది ఎవరి మీద?"

"ఎవరో పెళ్ళికూతురు."

"ఎవరు?"

"నాలుగు వందల మందిలో ఎవరని గుర్తుంటుందే! ఊరు కూడా గుర్తు లేదు."

మాత్ర వేసుకుని టీ తాగి వెళ్ళిపోయింది. కుల్పాష్ గిన్నెలు కడుగుతూ, నాకు వీపు పెట్టి అంది, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది." నా నోటితో ముప్పై రెండేళ్ళుగా తిండి తింటున్న మనిషి అంటోంది ఈ మాట.

జూలై 2

నెల అయింది. ఏమీ లేదు. ఎడమ బుగ్గ మీద రెండు కొత్తవి. సైన్సట.

జూలై 14

కొండ మీద మా తమ్ముడి మందల దగ్గర నాలుగు రోజులు ఉండి వచ్చాం. పొద్దున్న పాలు, మధ్యాహ్నం పెరుగు, జేబు నిండా కుర్త్ ఉండలు. ఎండబెట్టిన పెరుగులో ఉన్న బలం ఏ మందుల కొట్లో దొరుకుతుంది? తొర్గిన్ వెడల్పాటి టోపీ తెచ్చుకుంది. "ఏమే, పుట్టగొడుగులు మొలిచే కాలం వచ్చిందా?" అన్నాను. అందరూ నవ్వారు. తీసేసింది. మర్నాటికి ముక్కు కందిపోయింది, ఇవాళ తోలు లేస్తోంది. కొండ ఎండ ఎవరినైనా కాలుస్తుంది.

జూలై 30

పెళ్ళికొడుకు ఎల్దోస్ ఫోన్ చేశాడు. మెతక మనిషి, ట్రాక్టర్ నడుపుతాడు. మాట్లాడితే ట్రాక్టర్ కూడా వాడి కంటే గట్టిగా మాట్లాడుతుందనిపిస్తుంది. వాళ్ళ ఊళ్ళో బెతాషార్‌కి మనిషిని కుదిర్చారట. ఎవర్ని? ఐబార్‌ని.

నన్ను పిలవరని తెలుసు. అది మగపెళ్ళివారి గుమ్మంలో జరిగేది, పెళ్ళికూతురి తల్లిదండ్రులు అక్కడికి వెళ్ళరు, అది పద్ధతి. కానీ ఐబారా! ముప్పై నిండాయో లేదో. వాడి పాటలో ఉప్పు లేదు, కారం లేదు. ప్రతి పెళ్ళికూతురూ చంద్రబింబమే, ప్రతి అత్తా అమృతహృదయమే. పంచదార నీళ్ళు. ఒక్క ఎగతాళి రాదు వాడికి. నా పాటలు విని విని నేర్చుకున్నాడని అంటారు, నేర్చుకుంటే ఇలాగేనా? కిందటేడు వసంతం పండగలో మైకులోనే అన్నాను: "ఒరేయ్ ఐబార్, దోంబ్రాకి రెండు తీగలుంటాయిరా, నువ్వు ఒక్కదాన్నే మీటుతున్నావు, రెండోది అత్తగారింట్లో తాకట్టు పెట్టావా?" రెండు వేల మంది నవ్వారు. వాడు తల వంచి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని దండం పెట్టాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ దండం నాకు నచ్చలేదు.

ఆగస్టు 6

రెండు నెలలు దాటాయి. గడ్డం కింద గోళీ అంత లేచింది ఒకటి. తొర్గిన్ ఆ వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది. పోస్టాఫీసులో సెలవు పెట్టింది.

ఆగస్టు 11

మా కోడలు జుపార్ చెప్పింది. ఇంట్లో అందరికీ తెలుసు, నాకే తెలియదు. తొర్గిన్ వదినతో అందట: "వాళ్ళ ఊళ్ళో కూడా ఎవరో ఒకరు గొర్రెల పాట అని అరుస్తారు వదినా. నా మొహం చూస్తే అరవకుండా ఎలా ఉంటారు? ఐబార్ ఆ పాట ఎత్తుకున్నాడా, ముసుగు తియ్యనివ్వను. అలాగే ముసుగుతో కారెక్కి ఇంటికొచ్చేస్తాను."

"ఉత్తుత్తి మాటలు" అన్నాను.

"మామయ్యా, మీ అమ్మాయి ఉత్తుత్తి మాటలు మాట్లాడటం మీరెప్పుడైనా చూశారా?" అంది జుపార్.

చూడలేదు. గడప దాటి వెళ్ళిన పెళ్ళికూతురు తిరిగొస్తే మళ్ళీ ఆ గడప లేదు, ఆ ఎల్దోస్ లేడు. వాడు మెతకవాడే, కానీ నిరుడు చలికాలమంతా వారానికోసారి అరవై కిలోమీటర్లు వచ్చి, ఒక్క స్టాంపు కొని వెళ్ళేవాడట. ఆ స్టాంపులన్నీ ఏం చేశాడో వాడికే తెలియాలి.

ఐబార్ పాడతాడు. ఎందుకు పాడడు? రెండు వేల మందిలో నవ్వులపాలు చేసిన వాడి కూతురు ముసుగులో ఎదురుగా నిలబడితే, ఆ తండ్రి కట్టిన పాటే చేతిలో ఉంటే, నేనైతే పాడతాను.

నేనైతే తప్పకుండా పాడతాను.

ఆగస్టు 24

ఇవాళ ఒక పెళ్ళి ఉంది. ఆమధ్య పౌడరు మీద కట్టిన పద్యం ఒకటి మళ్ళీ వాడదామని దోంబ్రా సంచిలో వెతికాను. దొరికింది. రొట్టె కాగితాలూ సిగరెట్ అట్టలూ వాటి మధ్య మడత పెట్టిన తెల్ల కాగితం. నా చేతిరాత. తిప్పి చూశాను.

వెనక వైపు కోడి గెలుకుడు.

భోజనం తర్వాత. నిండు గ్లాసు నీళ్ళతో. వేసుకుని అరగంట పడుకోవద్దు. పాలు, పెరుగు, కుర్త్ వీటితో వద్దు, రెండు గంటల ఎడం ఉండాలి. పాలతో వద్దు అన్న మాట కింద రెండు గీతలు కూడా గీసింది, ఆ డాక్టరమ్మ.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చేటప్పుడు బస్సులోనే తీసి ఉంటాను. ఆ రోజు వెనక సీట్లో ఒకత్తె పౌడరు పూసుకుంటుంటే పద్యం తట్టింది. తొర్గిన్ ఇల్లంతా వెతికింది ఆ కాగితం కోసం. నేను చూడలేదని చెప్పాను. నిజంగానే చూడలేదు, రాసుకున్నాను అంతే.

పెళ్ళికి వెళ్ళి పాడాను. ఏం పాడానో తెలియదు.

ఆగస్టు 25

ఎవరికీ చెప్పకుండా తాల్దికొర్గాన్ వెళ్ళాను. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది.

"నిమోనియా ఆగా కదూ?"

కాగితం ముందు పెట్టాను. "ఎనభై రోజులు పాల టీతో వేసుకుంది. మధ్యలో కుర్త్, పెరుగు. కొండ మీద ఎండకి ముక్కు కూడా కాలింది."

రెండు వైపులా చూసింది. నా పద్యం చదువుతోందని తెలుస్తూనే ఉంది, పెదవులు కదిలాయి. నవ్వలేదు.

"పాలవల్లే తగ్గలేదని నేను ముద్ర వేసి చెప్పలేను. మందు కొంత లోపలికి వెళ్ళే ఉంటుంది. ఎండకి ముక్కు కాలిందన్నారుగా, ఈ మందు వాడేవాళ్ళకి ఎండ త్వరగా తగులుతుంది. కానీ పాలు మందుని పట్టేసుకుంటాయి, అందాల్సినంత అందదు. కొంతమందికి సరిగా వేసుకున్నా నిదానమే. అమ్మాయిని తీసుకురండి, చూసి చెప్తాను. ఇంకెన్నాళ్ళో, మార్చాలో, చూడకుండా చెప్పను."

"పదహారో తారీఖుకి తగ్గుతుందా?"

"మూడు వారాల్లోనా? కొంచెం చల్లబడొచ్చు. పోదు."

"ఇంజెక్షనో ఏదో ఉంటుంది కదమ్మా."

"ఆగా, వచ్చిన రోజు మీరు నన్ను ఏమడగాలో అది అడగలేదు, నాకు సమాధానాలు చెప్పారు. నేను కూడా నోటితో చెప్పాల్సింది, కాగితం మీద వదిలేశాను. అది నా తప్పు" అంది.

తప్పు ఒప్పుకునే డాక్టర్లు కూడా ఉంటారన్నమాట. ఆ డాక్టరమ్మ మొహం మీద మచ్చ లేకపోవడం ఇవాళ నాకు అంత చిరాకు కలిగించలేదు.

ఆగస్టు 26

కాగితాన్ని రొట్టెల బుట్ట కింద పెట్టేశాను, అక్కడే పడి ఉన్నట్టు. ఎవరో ఒకరికి దొరుకుతుంది. అంత వివరంగా చెప్పుకోవాల్సిన సంగతేం కాదు.

ఆగస్టు 27

దొరికింది. తొర్గిన్ ఒక వైపు చదివింది, తిప్పి రెండో వైపు చదివింది. నేను సమోవార్‌లో బొగ్గులు సర్దుతున్నాను. అవి సర్దే ఉన్నాయి.

ఏడుస్తుందేమో అనుకున్నాను, అరుస్తుందేమో అనుకున్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

"పద్యం బావుంది నాన్నా" అంది. లేచి గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని, మాత్ర వేసుకుని, నా వైపు చూస్తూ చివరి చుక్క దాకా తాగింది. నేను పోసిన టీ అలాగే చల్లారింది, పైన మీగడ తెట్టె కట్టింది.

నేనే పారబోశాను.

ఆగస్టు 31

తొర్గిన్ వాళ్ళ అమ్మతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళివచ్చింది. నన్ను రమ్మనలేదు. ఇంకొన్ని వారాలు ఇదే మందు, నీళ్ళతో.

సెప్టెంబరు 4

గడ్డం కింద గోళీ కొంచెం మెత్తబడినట్టుంది. నా భ్రమేమో. కుల్పాష్‌ని అడిగితే, "ఇప్పుడు కనబడుతోందా నీకు దాని మొహం?" అంది.

సెప్టెంబరు 8

ఐబార్ దగ్గరికి వెళ్ళి అడగమంటోంది కుల్పాష్. నేనా? వాడి గుమ్మం తొక్కడమా? దానికంటే దోంబ్రా విరిచి పొయ్యిలో పెట్టుకోవడం నయం.

సెప్టెంబరు 10

వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇక్కడైనా అబద్ధం ఆడకపోతే బావుంటుంది.

ఎల్దోస్ వాళ్ళ ఊరే ఐబార్‌ది కూడా. నీలం గేటు ఇల్లు. తలుపు తీసింది వాళ్ళమ్మ, యాభై పైబడ్డ మనిషి, తెల్ల తలగుడ్డ, బుగ్గలు రెండూ గుంటలు. పాత మొటిమల గుంటలు, చిన్న చిన్నవి, దగ్గర దగ్గరగా.

"ఐబార్ ఇంట్లో ఉన్నాడా, చెల్లెమ్మా? నేను దౌలెత్‌ఖాన్‌ని."

"మీరెవరో తెలుసు. వాడు గడ్డి తేవడానికి వెళ్ళాడు. లోపలికి రండి."

బల్ల ముందు కూర్చోబెట్టింది. రొట్టె, వెన్న, చెర్రీ పళ్ళ జాము పెట్టింది. టీ పోసింది. నల్లటి టీ, పాలు పోయలేదు. పాలగిన్నె అక్కడే, ఆవిడ మోచేతి పక్కనే ఉంది. నల్లటి టీ తాగాను.

"నాలుగు వందల ముసుగులు ఎత్తారట కదా, దౌకె" అంది.

"ఇంకో పదీ పన్నెండు ఎక్కువే ఉంటాయి."

"నా ముసుగు గుర్తుందా?"

కప్పు కింద పెట్టాను. గుర్తుందని చెప్పబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"అక్కడే" అని కిటికీలోంచి వాకిట్లో ఆపిల్ చెట్టు చూపించింది. "అది అప్పుడు లేదు. వాన వెలిసింది. నాకు పందొమ్మిదేళ్ళు. ఈ ఊళ్ళో నా మొహం మొట్టమొదట చూసినవాడివి నువ్వు. మా ఆయన కంటే ముందు, మా అత్త కంటే ముందు."

నాకు వాన గుర్తొచ్చింది. బూట్లకి బురద గుర్తొచ్చింది. జనం నవ్వు గుర్తొచ్చింది, అది బాగా గుర్తుంది. మొహం గుర్తు రాలేదు.

"పాడు" అంది.

"చెల్లెమ్మా..."

"అప్పుడు తల వంచుకుని విన్నాను. ఇప్పుడు చూస్తూ వినాలని ఉంది. పాడు."

పాడాను. దోంబ్రా లేకుండా, ఆ బల్ల ముందు. మొదటి పాదం వచ్చింది. రెండో పాదంలో గిట్టల గుర్తుల దగ్గరికి వచ్చేసరికి ఆపేశాను. మిగతాది ఆవిడే చెప్పింది, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, బజారు సరుకుల చీటీ చదివినట్టు.

"నా పేరు నూరిలా" అంది. "ఈ ఊళ్ళో పెద్దాళ్ళెవరికీ ఆ పేరు తెలియదు. 'మంద' అంటారు. మంద వచ్చింది, మంద ఇంట్లో ఉందా, మంద కొడుకు. మా అత్త చచ్చిపోయేటప్పుడు కూడా 'మందని పిలవండి, మంచినీళ్ళు పోస్తుంది' అంది. ప్రేమగానే అంది పాపం. నాకు రోగమొచ్చి మొహం ఇలా అయిందని బాధ లేదు దౌకె. మా కాలంలో డాక్టరా, మాత్రలా? బాధ ఏమిటంటే, నువ్వు మంచి పాటగాడివి. చెత్త పాట అయితే ఏడాదిలో మర్చిపోయేవాళ్ళు."

వచ్చిన పని చెప్పాను. మొత్తం చెప్పాను. తొర్గిన్ సంగతి, మాత్రలు, పాల టీ, కాగితం, ముసుగుతోనే తిరిగొచ్చేస్తానన్న మాట. ఆ పాట పాడొద్దని నీ కొడుక్కి చెప్పు తల్లీ అని అడిగాను. నీ కాళ్ళు పట్టుకుంటానని కూడా అన్నాను. రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.

"వాడికి నేను చెప్పక్కర్లేదు" అంది. "ఎనిమిదేళ్ళప్పుడు దోంబ్రా కొనిపెట్టమని ఏడ్చాడు. ఎందుకురా అంటే, ఆ పాట పాడని పాటగాడు ఒక్కడైనా ఉండాలి కదమ్మా అన్నాడు. వాడికి ఎగతాళి రాదని మైకులో అన్నావట. వచ్చు. ఇంట్లో వాడి నోటికి అడ్డూ అదుపూ లేదు. బయట చెయ్యడు."

గేటు దాకా వచ్చి సాగనంపింది. "మీ అమ్మాయి పేరేమిటి?"

"తొర్గిన్."

"మంచి పేరు. దానికి ఆ పేరు ఉండనివ్వండి."

సెప్టెంబరు 13

తొర్గిన్‌తో అన్నాను, "ఐబార్ పాడడు."

"నువ్వు వెళ్ళావా?" అంది.

"అటేపు పనుండి."

"ఆ పాటలో పెళ్ళికూతురు ఎవరో తెలిసిందా నాన్నా?"

"నూరిలా" అన్నాను.

సెప్టెంబరు 16

పొద్దున్న పది గంటలకి పిల్లని తీసుకెళ్ళారు. జుపార్ తోడు వెళ్ళింది. ఇంట్లో నేనూ కుల్పాష్. అక్కడ మూడింటికి బెతాషార్. ఇక్కడ గడియారానికి ముల్లు కదలదు.

నాలుగున్నరకి జుపార్ ఫోన్ చేసింది. దాని మాటల్లోనే రాస్తున్నాను.

"మామయ్యా, చుట్టాల పిలుపులన్నీ అయ్యాయి. ఐబార్ బాగా పాడాడు. ముసుగు ఎత్తబోయే ముందు గాలికి అంచు లేచింది, గడ్డం కనబడింది. అంతే, ఎల్దోస్ వాళ్ళ పెదనాన్న ఒకాయన, 'ఒరేయ్ మంద కొడకా, గొర్రెల పాట అందుకో' అని అరిచాడు. తొర్గిన్ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి. కారు వైపు ఒక అడుగు వేసింది కూడా."

"చెప్పవే!"

"ఐబార్ తీగల మీద చెయ్యి పెట్టి పాట ఆపేశాడు. 'ఆ పాటలో పెళ్ళికూతురు ఇక్కడే ఉంది పెదనాన్నా, ఆవిణ్ణే అడగండి పాడమంటుందో లేదో' అన్నాడు. వాళ్ళమ్మ లేచింది. మధ్యలోకి నడిచొచ్చి, కొడుకు చేతిలో దోంబ్రా తీసుకుని, ఆ మెడతో ఆవిడే ముసుగు ఎత్తింది. పాట లేదు మామయ్యా, ఏమీ లేదు. 'ఈ పిల్ల పేరు తొర్గిన్. అందరూ విన్నారా?' అంది. అంతే."

"మొహం?"

"పౌడరు వద్దంది కదా. ఎర్రగా ఆరేడు, ముక్కు మీద ఎండకి కాలిన మచ్చ. ఎల్దోస్ నవ్వాడు. అదే, వాడు మామూలుగా నవ్వుతాడే, స్టాంపు కొన్నప్పుడు నవ్వినట్టు. అత్తగారు వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది."

పాట లేకుండా బెతాషార్ ఏమిటి? అలా ఎక్కడా లేదు. పద్ధతి తప్పింది.

కుల్పాష్ ఏడ్చింది. నేను కూడా.

సెప్టెంబరు 20

తొర్గిన్ ఫోన్ చేసింది. మాత్ర నీళ్ళతోనే వేసుకుంటోందట. అత్తగారు టీలో పాలు పోయబోతే, రెండు గంటలాగి తాగుతాను అత్తయ్యా అందట. ఆవిడ గడియారం చూసి, రెండు గంటలు కాగానే పిలిచి మరీ పోస్తోందట.

పెట్టేసే ముందు అడిగింది, "నాన్నా, ముసుగు ఎత్తేది నువ్వయితే ఏం పాడేవాడివి?"

"ఆలోచించి చెప్తాను" అన్నాను. ముప్పై రెండేళ్ళలో నేను ఆలోచించి పాడిందే లేదు, నిలబడ్డ చోట కట్టాను.

సెప్టెంబరు 24

నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను. ఒక్క పాదం రాలేదు. కళ్ళు మూసుకుని దాని మొహం గుర్తు తెచ్చుకుందామంటే, ఎక్కడెక్కడ మొటిమ ఉందో అది మాత్రం కచ్చితంగా చెప్పగలను. ఎడమ బుగ్గ మీద నాలుగు, కుడి బుగ్గ మీద రెండు, గడ్డం కింద ఒకటి. కళ్ళు ఏ రంగో ఆలోచించాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్ళు పొద్దున్నే ఎదురుగా కూర్చోబెట్టి టీ పోశాను.

నాలుగు వందల పైచిలుకు ముసుగులు ఎత్తాను. ఒక్క మొహం చూడలేదు.

సెప్టెంబరు 25

రేపు వెళ్ళి చూసి వస్తాను. పిలుపు రాకుండా పెళ్ళికూతురి తండ్రి వియ్యాలవారి గడప తొక్కకూడదంటారు. అననీ. కొత్త కోడలి మొహం చూడటానికి వెళ్ళేవాడు వట్టి చేతులతో వెళ్ళకూడదన్నది కూడా పద్ధతే. అది మాత్రం పాటిస్తాను. అందరి చేతా కానుకలు వేయించినవాణ్ణి, నాకు ఏం పట్టుకెళ్ళాలో తోచలేదు. కుల్పాష్‌ని అడిగాను.

"నోరు మూసుకుని వెళ్ళు. దానికి అంతకంటే పెద్ద కానుక ఉండదు" అంది.

బాగానే చెప్పింది. బస్సు పొద్దున్న ఏడింటికి. దోంబ్రా ఇంట్లోనే ఉంటుంది.